తెల్లని గొడుగు కింద ఆకుపచ్చ పొడి

విశాఖలో రెండు మూడు రోజులు ముసురు పట్టి తెరిపి ఇచ్చిందంటే చాలు, ఊరంతా గొడుగులు మొలుస్తాయి. ఉక్కునగరం క్వార్టర్ల ముందరి పచ్చికలో, కాలనీ పార్కుల్లో, విశ్వవిద్యాలయం చెట్ల కింద, ఎక్కడినుంచో మట్టి తెచ్చి పోసి పెంచిన అపార్ట్‌మెంటు లాన్‌లో. కొన్ని అన్నం కంచమంత వెడల్పున, పాలరంగులో, చూడగానే కూర గుర్తొచ్చేలా ఉంటాయి. ఉదయం నడకకు వచ్చినవాళ్లు ఆగి ఫోటోలు తీస్తారు. ఎవరో ఒకరు "మా ఊళ్లో ఇవి తింటాం" అంటారు. ఇంకొకరు "తెల్లవి పర్వాలేదు, రంగు ఉన్నవే కుక్కగొడుగులు" అని తీర్పు చెప్పేస్తారు. మొదటి మాట నిజమే కావచ్చు గానీ ఇక్కడ పనికిరాదు. రెండో మాట మాత్రం పచ్చి అబద్ధం. ప్రపంచంలో ఎక్కువ ప్రాణాలు తీసిన పుట్టగొడుగుల్లో కొన్ని మల్లెపూవంత తెల్లగా ఉంటాయి.

పచ్చికలో పెద్దగా, తెల్లగా మొలిచే వాటిలో ముందుగా తెలుసుకోవలసిన పేరు క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్. ఉష్ణదేశాలన్నిటా ఉంది, మన దేశంలోనూ విరివిగా మొలుస్తుంది. అమెరికాలో పుట్టగొడుగులు తిని ఆస్పత్రికి పరిగెత్తే కేసుల్లో తరచుగా వినబడే పేరూ ఇదే. నేలలోంచి వచ్చేటప్పుడు గుండ్రంగా ఉండి, ఒకటి రెండు రోజుల్లో విచ్చుకుని గొడుగవుతుంది. తెల్లటి టోపీ మీద, ముఖ్యంగా నడిమధ్యన, లేత గోధుమరంగు పొలుసులు ఉంటాయి. కాడ చుట్టూ ఒక ఉంగరం ఉంటుంది, మెల్లగా తోస్తే పైకీ కిందికీ జరుగుతుంది. తిరగేసి చూస్తే టోపీ కింద దగ్గర దగ్గరగా పలచని మొప్పలు. తిన్న ఒకటి నుంచి మూడు గంటల్లో కడుపు మెలిపెట్టి, ఆగని వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. పెద్దవాళ్లు సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తేరుకుంటారు. పిల్లలకు మాత్రం ఒంట్లో నీరు పోవడమే ప్రాణం మీదికి తెస్తుంది.

దీన్ని పట్టించే గుర్తు ఒకటుంది. ముదిరాక మొప్పలు బూడిదరంగు కలిసిన ఆకుపచ్చకు తిరుగుతాయి. పుస్తకంలో చదివితే ఇంతకన్నా సులువైన గుర్తు లేదనిపిస్తుంది. కానీ లేతగా ఉన్నంతకాలం ఆ మొప్పలు స్వచ్ఛమైన తెలుపు. మనం ఏరేది లేతవే కదా! ముదిరి, అంచులు చీలి, పురుగులు పట్టినవాటిని ఎవరూ ఇంటికి తీసుకెళ్లరు. అంటే కూరకు బాగున్న రోజుల్లో గుర్తు కనబడదు, గుర్తు కనబడేనాటికి అది కూరకు పనికిరాదు.

ముదిరేదాకా ఆగకుండా తెలుసుకునే పద్ధతి ఒకటి శాస్త్రవేత్తలు వాడుతుంటారు, ఇంట్లోనూ చేయవచ్చు. కాడ కోసేసి, బాగా విచ్చుకున్న టోపీని మొప్పలు కిందికి వచ్చేలా కాగితం మీద పెట్టి, పైన గాజుగిన్నె బోర్లించి రాత్రంతా కదపకుండా ఉంచాలి. కాగితం సగం తెల్లగా, సగం నల్లగా ఉంటే మేలు. తెల్లారి టోపీ ఎత్తితే మొప్పల వరుసలన్నీ సన్నని పొడితో అచ్చు పడి ఉంటాయి. అవే సిద్ధబీజాలు, పుట్టగొడుగు విత్తనాలనుకోండి. క్లోరోఫిల్లమ్ అయితే ఆ అచ్చు పసరు రంగులో ఉంటుంది. చెదపుట్టల మీద మొలిచేవాటికి లేత గులాబీ, దుకాణంలో కొనే బటన్ మష్రూమ్‌కు ముదురు చాక్లెట్ రంగు, ప్రాణాంతకమైన అమానిటా జాతికి తెలుపు. తెల్లపొడి తెల్ల కాగితం మీద కనబడదు కాబట్టే నల్ల సగం కావాలి.

ఈ అచ్చు ఎంతవరకు నమ్మదగినదో కూడా చెప్పాలి. ఆకుపచ్చ పొడి కనబడితే పారేయమని అది ఖాయంగా చెబుతుంది. గులాబీ పొడి కనబడితే తినమని మాత్రం చెప్పదు, ఎందుకంటే గులాబీ పొడి రాల్చే విషపు జాతులూ ఉన్నాయి. పుట్టగొడుగుల విషయంలో దాదాపు అన్ని గుర్తులూ ఇంతే. ఒక్క గుర్తు చాలు కాదనడానికి. ఔననడానికి మాత్రం టోపీ, మొప్పలు, కాడ, ఉంగరం, కాడ మొదలు, వాసన, పొడి రంగు, మొలిచిన చోటు అన్నీ ఒకే జాతి వైపు చూపాలి. ఒక్కటి తేడా వచ్చినా అది వేరే పుట్టగొడుగే. జనం చేసే పొరపాటు దీనికి సరిగ్గా తలకిందులు: ఐదు పోలికలు కుదిరితే ఆరో తేడాను "వానకు అలా అయి ఉంటుంది" అని సర్దిచెప్పుకుంటారు.

అసలు విషపు గొడుగులన్నిటికీ కలిపి ఒక గుర్తు ఎందుకు లేదు? ఎందుకంటే వాటి మధ్య చుట్టరికం లేదు. కాలేయాన్ని కూల్చే అమాటాక్సిన్ అనే విషమే అమానిటా, గెలరైనా, లెపియోటా అనే మూడు వేర్వేరు జాతుల్లో కొన్నిటిలో ఉంది. ఒకటి పొడుగ్గా తెల్లగా, ఒకటి కుళ్లిన కర్ర మీద చిన్నగా గోధుమరంగులో, మరొకటి బొటనవేలంత టోపీతో గడ్డిలో ఉంటుంది. అదే అమానిటా జాతిలో కొన్ని దేశాల్లో ఇష్టంగా తినేవీ ఉన్నాయి. విషం పుట్టగొడుగు లోపలి రసాయనం, రూపం దానికి కట్టుబడి ఉండదు.

అందుకే మనలో తరతరాలుగా నడుస్తున్న పరీక్షలేవీ నిలబడవు. కూరలో వెండి చెంచా వేస్తే నల్లబడుతుందంటారు. వెండి నల్లబడేది కొన్ని గంధకపు సమ్మేళనాలు తగిలినప్పుడు. అమాటాక్సిన్ ఉన్న కూరలో ఆ చెంచా మిలమిలలాడుతూనే ఉంటుంది. వెల్లుల్లి, బియ్యం రంగు మారతాయన్నదీ అంతే. పురుగు కొరికింది కాబట్టి మనమూ తినవచ్చన్నది అన్నిటికన్నా ప్రమాదకరమైనది, ఎందుకంటే దానికి తర్కం ఉన్నట్టు కనబడుతుంది. మనల్ని చంపే అమానిటాలను నత్తలు నిక్షేపంగా మేసి వెళ్లిపోతాయి. ఉప్పునీళ్లలో ఉడికించి వార్చితే విషం పోతుందన్న మాట కొన్ని జాతుల విషయంలో కొంత నిజం. అమాటాక్సిన్ విషయంలో కాదు: ఉడికించినా, వేయించినా, ఎండబెట్టి డబ్బాలో దాచినా అది చెక్కుచెదరదు.

ఇక "మా ఊళ్లో తింటాం" అన్న మాట. దీన్ని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. అరకు, పాడేరు, చింతపల్లి కొండల్లో వానాకాలం పుట్టగొడుగులు ఏరి తినే ఆదివాసీల జ్ఞానం ఏ క్షేత్ర పుస్తకానికీ తీసిపోదు. ఆ మండలాలు 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి గానీ అక్కడి మనుషులూ సరుకూ ఇప్పటికీ విశాఖకు వస్తూనే ఉంటారు. మైదానంలోనూ ఆనందపురం, భీమిలి, కొత్తవలస వైపు పొలాల్లో వాన పడ్డాక చెదపుట్టల దగ్గరికి వెళ్లే ముసలమ్మలు ఇంకా ఉన్నారు. వాళ్లు తెచ్చేవాటిలో మేలైనవి టెర్మిటోమైసిస్ జాతివి. చెదపురుగులు నేలకింద తమ గూట్లో, నమిలిన ఆకులూ పుల్లలతో కట్టిన మెత్తని దిమ్మల మీద ఈ శిలీంధ్రాన్ని పెంచి తింటాయి. తగిన వాన పడినప్పుడు ఆ దిమ్మల నుంచి మొలక బయలుదేరి మట్టిని చీల్చుకుని పైకి వస్తుంది. టోపీ నడుమ మొనదేలి ఉండడం ఈ ప్రయాణం కోసమే. కాడ నేలమట్టం దగ్గర ఆగదు. తవ్వితే వేరులా సన్నబడుతూ గూటిదాకా దిగుతుంది. చెదపురుగుల తోడు లేకుండా బతకదు కాబట్టి దీన్ని పాల పుట్టగొడుగులా షెడ్డులో పండించడం సులువు కాదు. అందుకే ఆ రుచికి అంత గిరాకీ.

ఇప్పుడు ఆ ముసలమ్మను గమనించండి. ఆమె ప్రతి ఏడూ అదే గట్టు మీది అదే పుట్ట దగ్గరికి వెళుతుంది. ఏ కార్తెలో, ఎంత వాన తరవాత, ఎన్నో రోజున వస్తాయో ఆమెకు తెలుసు. చేత్తో పీకదు, చుట్టూ మట్టి తీసి మొదలుతో సహా తీస్తుంది. పక్కన మొలిచిన మరోదాన్ని చూసీ చూడనట్టు వదిలేస్తుంది. అడిగితే కారణం చెప్పలేకపోవచ్చు. ఆమె జ్ఞానంలో సగం ఆ చోటుది, ఆ కాలానిది. అదే మనిషిని తెచ్చి నగరంలో అపార్ట్‌మెంటు లాన్‌లో నిలబెడితే ఆమె దగ్గర మిగిలేది రూపం ఒక్కటే. ఆ రూపం ఎంత నమ్మదగనిదో పైన చూశాం. ఇక ఆ ముసలమ్మ మనవడు చిన్నప్పుడు తిన్న రుచిని మాత్రమే గుర్తుపెట్టుకుని ఉద్యోగానికి విశాఖ వచ్చినవాడైతే, అతని దగ్గర రూపం కూడా సగమే ఉంటుంది.

ఏరడం అలవాటున్నవాళ్లూ తప్పించుకోలేని సందర్భాలున్నాయి. 2022 ఏప్రిల్‌లో అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని పదమూడు మంది చనిపోయారు. ఎక్కువమంది తేయాకు తోటల కూలీల కుటుంబాలవాళ్లు. సరదాకి ఏరినవాళ్లు కారు, కూరగా తిన్నవాళ్లు. డిబ్రూగఢ్‌లోని వైద్య కళాశాల ఆస్పత్రిలో ఒకరి తరవాత ఒకరు ప్రాణాలు వదిలారు.

రూపం ఎలా మోసం చేస్తుందో మనకు బాగా దగ్గరి ఉదాహరణ వరిగడ్డి పుట్టగొడుగు. పాత గడ్డివాముల మీద, కుళ్లిన గడ్డిలో మొలిచే వోల్వేరియెల్లా. దీన్ని విచ్చుకోకముందే, గుడ్డులా ఉన్న దశలో కోసి వండుతారు. ఆ దశలో మొత్తం పుట్టగొడుగు ఒక పలచని సంచిలో చుట్టుకుని ఉంటుంది, విచ్చుకున్నాక సంచి కాడ మొదట్లో చిప్పలా మిగులుతుంది. యూరప్ నుంచి చెట్ల మొక్కలతో పాటు ప్రపంచమంతా పాకిన అమానిటా ఫల్లాయిడిస్‌కు కూడా లేత దశలో అచ్చం అలాంటి గుడ్డే. ఆగ్నేయాసియా నుంచి అమెరికా వెళ్లి స్థిరపడినవాళ్లు అక్కడ ఓక్ చెట్ల కింద తమ ఊరి గడ్డి పుట్టగొడుగు దొరికిందని సంతోషించి, వండుకుని, చనిపోయిన సంఘటనలు నమోదయ్యాయి. పెద్దయితే తేడాలు తెలుస్తాయి: వరిగడ్డిదానికి ఉంగరం ఉండదు, పొడి గులాబీ. అమానిటాకు ఉంగరం ఉంటుంది, పొడి తెలుపు. గుడ్డు దశలో ఉంగరం కనబడదు, పొడి రాలదు. పిల్లల దగ్గరికి కాలిఫోర్నియా వెళ్లి ఆరు నెలలు ఉండి వచ్చే విశాఖ తల్లిదండ్రులకు ఈ ముక్క ప్రత్యేకంగా చెప్పాలి. అక్కడి పార్కుల్లో ఓక్ చెట్ల కింద ఆ అమానిటా మామూలుగా మొలుస్తుంది.

గుండ్రంగా బంతుల్లా మొలిచేవాటి సంగతీ ఇక్కడే చెప్పేస్తాను. వాటిలో లేతప్పుడు తినేవి ఉన్నాయి. కానీ అమానిటా గుడ్డు కూడా బయటికి బంతే. నిలువునా రెండు చెక్కలుగా కోస్తే బండారం బయటపడుతుంది. తినే బంతి లోపల మొదలునుంచి చివరిదాకా ఒకే తెలుపు, ఏ ఆకారమూ ఉండదు. లోపల చిన్న టోపీ, కాడ, మొప్పల నీడ కనిపిస్తే అది అమానిటా కావచ్చు. ఊదా కలిసిన నలుపు కనిపిస్తే స్క్లెరోడెర్మా, అదీ విషమే.

ఈ కారణంగానే మొదలుతో సహా తవ్వి తీయడం అంత ముఖ్యం. అమానిటాను పట్టించే సంచి మట్టిలో ఉంటుంది. టోపీ పట్టుకుని పీకినా, కాడ మధ్యలో కోసినా ఆ సాక్ష్యం నేలలోనే ఉండిపోతుంది. సంతలో, రోడ్డు పక్కన తట్టలో పెట్టి అమ్మేవి ఎక్కువగా మట్టి దులిపి, మొదళ్లు కోసి, కడిగి ఉంటాయి. అమ్మే మనిషి ఎంత మంచిదైనా ఆ స్థితిలో వాటిని గుర్తుపట్టడం కొనేవాళ్ల వల్ల కాదు. తెలియని చేతినుంచి అడవి పుట్టగొడుగులు కొనకపోవడమే నా పద్ధతి.

ఫోనులో ఫోటో తీస్తే పేరు చెప్పే యాప్‌ల మీద నమ్మకం ఈ మధ్య బాగా పెరిగింది. ఆస్ట్రేలియాలో ఇలాంటి మూడు యాప్‌లను పరీక్షించి 2023లో ఫలితాలు ప్రచురించారు. అన్నిటికన్నా మెరుగైనది సరిగ్గా చెప్పినవి దాదాపు సగం. అందులో వింతేమీ లేదు. ఫోటోకు మట్టిలోని సంచి కనబడదు, వాసన తెలియదు, పొడి రంగు తెలియదు. మొక్క పేరు తప్పు చెబితే నష్టం లేదు గానీ ఇక్కడ బొమ్మాబొరుసా వేసి భోజనం చేయలేం కదా.

"ఇన్నేళ్లుగా తింటున్నాం, ఏమీ కాలేదు" అనేవాళ్లకు జూలియస్ షేఫర్ ఉదంతం చెప్పాలి. ఆయన జర్మనీలో పేరున్న శిలీంధ్ర శాస్త్రవేత్త. పాక్సిల్లస్ ఇన్వొల్యూటస్ అనే పుట్టగొడుగును ఆ రోజుల్లో యూరప్‌లో ఉడికించి మామూలుగానే తినేవారు. 1944లో ఆయన దాన్ని తిని మరణించారు. ఆయన గుర్తుపట్టడంలో పొరపడలేదు, అది తినదగినదన్న అందరి నమ్మకమే తప్పు. పదేపదే తినేవారిలో కొందరికి ఒక దశలో శరీరం ఎదురుతిరిగి తన ఎర్ర రక్తకణాలను తానే ధ్వంసం చేసుకుంటుందని తరవాత తేలింది.

తిన్నాక జరిగేదాని గురించి అందరూ తెలుసుకోవలసింది గడియారం. తిన్న రెండు గంటల్లోనే వాంతులు మొదలైతే సాధారణంగా అది క్లోరోఫిల్లమ్ లాంటి కడుపు విషం. రాత్రి తిని, హాయిగా నిద్రపోయి, ఆరు గంటలు దాటాక, ఒక్కోసారి పన్నెండు గంటల తరవాత మొదలైతే అప్పుడు భయపడాలి. అమాటాక్సిన్ వెంటనే కడుపును కదపదు. కణం లోపలికి వెళ్లి ప్రోటీన్ల తయారీకి కావలసిన ఆర్‌ఎన్‌ఏను రాసే ఎంజైమును ఆపేస్తుంది. కొత్త ప్రోటీన్లు లేక కణాలు మెల్లగా చచ్చిపోతాయి, అన్నిటికన్నా ముందు దెబ్బతినేవి పేగు, కాలేయం. ఒక రోజంతా కలరా తరహా విరేచనాలు. ఆ తరవాత రెండో రోజుకో మూడో రోజుకో మనిషి తేరుకున్నట్టు కనిపిస్తాడు. లేచి కూర్చుంటాడు, అన్నం అడుగుతాడు. ఇంటివాళ్లు దేవుడికి మొక్కుకుని ఇంటికి తీసుకెళ్లిపోతారు. సరిగ్గా ఆ గంటల్లోనే రక్తపరీక్షలో కాలేయపు ఎంజైములు ఎగబాకుతుంటాయి. ఆ తరవాత కామెర్లు, మగత, కాలేయం పూర్తిగా చేతులెత్తేయడం. ఒక మోస్తరు పుట్టగొడుగు ఒక్కటే పెద్దమనిషి ప్రాణం తీయడానికి చాలు.

వానాకాలంలో విశాఖలో వాంతులూ విరేచనాలూ లేని వీధి ఉండదు. కాబట్టి వైద్యుడికి నీటి మీదో బయటి తిండి మీదో అనుమానం వెళుతుందే తప్ప మీరు చెప్పకపోతే పుట్టగొడుగు తట్టదు. ఏం తిన్నారు, ఎన్ని గంటలకు తిన్నారు, మొదటి వాంతి ఎప్పుడు అయింది — ఈ మూడూ అడగకముందే చెప్పాలి. తొందరగా వాంతి అయింది కాబట్టి గండం గడిచిందనీ అనుకోకూడదు. ఏరిన బుట్టలో రెండు రకాలు కలిసి ఉండవచ్చు. వండగా మిగిలిన పచ్చి ముక్కలు, కోసి పారేసిన మొదళ్లు, చెత్తబుట్టలోవైనా సరే, ప్లాస్టిక్ సంచిలో కాక కాగితంలో చుట్టి తీసుకెళ్లాలి, ప్లాస్టిక్‌లో కుళ్లిపోతాయి. ఆ కూర తిన్నవాళ్లందరూ, బాగానే ఉన్నామన్నవాళ్లతో సహా, వెళ్లాలి.

అమాటాక్సిన్‌కు ఖాయమైన విరుగుడు లేదు. విషం పిత్తరసంతో మళ్లీ పేగులోకి వచ్చి మళ్లీ రక్తంలో కలుస్తుంటుంది. అందుకే పేగులో విషాన్ని పట్టుకునే బొగ్గుపొడి, యాక్టివేటెడ్ చార్‌కోల్‌ను ఒకసారి కాదు, పలుమార్లు ఇస్తారు. సెలైన్లు, ఎన్-ఎసిటైల్ సిస్టీన్ అనే మందు, దొరికితే సిలిబినిన్ అనే మరో మందు, ఏదీ పనిచేయకపోతే కాలేయ మార్పిడి. వీటిలో ఏదైనా తొలిగంటల్లో మొదలుపెడితేనే ఫలితం ఎక్కువ. చిన్న క్లినిక్‌లో సెలైన్ ఎక్కించుకుని కూర్చోవడం కాకుండా 108కి ఫోన్ చేసి కేజీహెచ్ వంటి పెద్ద ఆస్పత్రికి వెళ్లడం మంచిది. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం 1800 116 117 నంబరులో రాత్రీపగలూ పలుకుతుంది, వైద్యులు కూడా అడగవచ్చు. చిట్కా వైద్యంతో వాంతి చేయించడం, పెరుగో చింతపండు పులుసో పట్టించడం వల్ల పోయేది కాలమే.

పుట్టగొడుగు కూర మీద మనసు పోయినవాళ్లకు దారి లేకపోలేదు. పాల పుట్టగొడుగు వేడిని తట్టుకుని పెరుగుతుంది, విశాఖ వాతావరణానికి సరిగ్గా సరిపోతుంది. ముత్యపుచిప్ప రకం, బటన్ రకం బజారులో దొరుకుతూనే ఉన్నాయి. టెర్మిటోమైసిస్ రుచి వీటిలో వెతికితే నిరాశే, అది ఒప్పుకోవాలి. ఆ రుచి కావాలంటే ఆ పుట్టను ఏళ్లతరబడి ఎరిగిన మనిషి తన చేత్తో తవ్వి, మొదలు చూపించి, తన ఇంట్లో వండుకునే కూరలో ఒక గరిటె పెడితే తినండి.

లాన్‌లో మొలిచినవాటిని ఏం చేయాలని కాలనీల వాళ్లు అడుగుతుంటారు. ముట్టుకుంటే విషం ఎక్కదు. నోట్లోకి వెళితేనే ప్రమాదం. పాకే పిల్లలు, కుక్కపిల్లలు తిరిగే చోటైతే పొద్దున్నే మొదలుతో పీకి చెత్తలో వేసి చేతులు కడుక్కుంటే సరిపోతుంది. మందు కొట్టిస్తే ప్రయోజనం ఉండదు. అసలు శిలీంధ్రం నేలలో దారాలుగా అల్లుకుని ఉంటుంది, మళ్లీ వాన పడితే మళ్లీ మొలుస్తుంది, మళ్లీ పీకాలి.